రా మిల్లు యూనిట్లు ఎందుకు కుదరలేదు: సిమెంటు ప్లాంట్ల అసెట్ హైరార్కీని బిల్డర్ కోడ్‌తో కట్టిన ఒక కేసు

నేపథ్యం

కృష్ణా నదికి అటూ ఇటూ, పల్నాడు నుంచి సూర్యాపేట వైపు సున్నపురాయి ఉన్న నేలల్లో సిమెంటు ప్లాంట్లు చాలానే ఉన్నాయి. వాటిలో ఒక సంస్థ కోసం చేసిన పని ఇది. సంస్థ పేరు, ప్లాంట్లు ఉన్న చోటు, ఏడాది చెప్పను. పరికరాల నంబర్లు, అంకెలు కొన్ని మార్చాను. వాళ్లకు రెండు క్లింకర్ ప్లాంట్లు, థర్మల్ స్టేషన్‌కు దగ్గర్లో ఒక గ్రైండింగ్ యూనిట్ ఉన్నాయని తెలిస్తే చాలు. క్లింకర్ ప్లాంటులో రా మిల్లు సున్నపురాయిని నూరుతుంది, కిల్న్ అనే కొలిమి ఆ పొడిని కాల్చి క్లింకర్ చేస్తుంది. గ్రైండింగ్ యూనిట్‌లో కిల్న్ ఉండదు. క్లింకర్ బయటి నుంచి వస్తుంది. దాన్ని జిప్సం, ఫ్లై యాష్‌తో కలిపి నూరి బస్తాలకెత్తడమే అక్కడి పని. ఈ చిన్న తేడా తర్వాత పెద్ద నిర్ణయానికి దారితీసింది.

మూడు చోట్లా డీసీఎస్‌లు, అంటే కంట్రోల్ రూమ్ నుంచి ప్లాంటును నడిపే వ్యవస్థలు, వేర్వేరు కంపెనీలవి, వేర్వేరు కాలాల్లో పెట్టినవి. ఒక చోట ట్యాగ్ (ఒక్కో రీడింగుకు డీసీఎస్‌లో ఉండే గుర్తు) పేరులో సెక్షన్ నంబరు ముందుంటే, ఇంకో చోట చివర ఉంటుంది. ఆ ట్యాగ్‌లన్నీ ఓపీసీ యూఏ అనే ప్రోటోకాల్ మీదుగా ఒక గేట్‌వేకు, అక్కణ్నుంచి ఏడబ్ల్యూఎస్ ఐఓటీ సైట్‌వైజ్ అనే క్లౌడ్ సేవకు వెళ్లేవి.

సైట్‌వైజ్ వాడనివాళ్ల కోసం రెండు ముక్కలు. అందులో అసెట్ మోడల్ అచ్చులాంటిది, అసెట్ ఆ అచ్చులో పోసిన ఇటుక. ‘ఫ్యాన్’ అనే మోడల్ ఒకటి చేస్తే దాన్నుంచి ఎన్ని ఫ్యాన్లయినా తీయొచ్చు. మోడల్‌లో నాలుగు రకాల ప్రాపర్టీలుంటాయి. మోటారు రేటింగ్ లాంటి స్థిరమైన విలువ అట్రిబ్యూట్. క్షణక్షణం వచ్చే కిలోవాట్ల రీడింగు మెజర్‌మెంట్. ఆ రీడింగును సూత్రంతో మారిస్తే ట్రాన్స్‌ఫార్మ్. గంటకో రోజుకో లెక్కకట్టే మొత్తం, సగటు లాంటివి మెట్రిక్. ‘ఈ మోడల్ కింద ఆ మోడల్ అసెట్లు వేలాడొచ్చు’ అని చెప్పేది హైరార్కీ నిర్వచనం. తల్లి అసెట్ మెట్రిక్, ఆ హైరార్కీ ద్వారా పిల్లల విలువలను కూడగలదు. ఈ చివరి వాక్యం మీదే కేసంతా నడుస్తుంది.

సమస్య ఎలా వచ్చింది

మొదటి ప్లాంటు చెట్టును, అంటే అసెట్లు ఒకదాని కింద ఒకటి వేలాడే హైరార్కీని, సైట్‌వైజ్ కన్సోల్‌లో చేత్తో కట్టారు. రెండోదాన్ని కూడా దాదాపు అలాగే, ఇంకెవరో కట్టారు. మూడోది మొదలుపెట్టాలనుకునేలోపు ఎనర్జీ మేనేజర్ మీటింగులో ఒక ప్రింటవుట్ టేబుల్ మీద పెట్టారు.

“మీ స్క్రీన్ మీద రా మిల్లు టన్నుకి 18 యూనిట్లంటోంది. నా షీట్లో పదహారున్నర ఉంది. దేన్ని నమ్మమంటారు సార్?”

ఇది డాష్‌బోర్డు అందానికి సంబంధించిన ఫిర్యాదు కాదు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ 2012లో మొదలుపెట్టిన, పరిశ్రమలకు ఇంధన పొదుపు లక్ష్యాలు పెట్టే పీఏటీ పథకంలో సిమెంటును మొదటి విడతలోనే చేర్చారు. టన్నుకు ఎంత కరెంటు, కిలో క్లింకర్‌కు ఎంత వేడి అన్న అంకెల మీద ఎనర్జీ మేనేజర్ సంతకం ఉంటుంది. రెండు అంకెలుంటే ఆయన తన షీటునే నమ్ముతాడు. అప్పుడు క్లౌడులో పెట్టిందంతా అలంకారమే.

అనుమానాలను ఒక్కొక్కటిగా తీసుకున్నాం. మొదటిది తేమ. మిల్లులోకి వెళ్లే రాయిని తూచే వే ఫీడరు మీద కనిపించేది తడి టన్నులు, నెలవారీ షీటులో పొడి టన్నులు వాడతారు. కానీ పొడి టన్నులతో భాగిస్తే యూనిట్లు పెరగాలి. ఇక్కడ తడి టన్నులతో భాగించిన డాష్‌బోర్డు అంకే ఎక్కువ. అంటే తేమ తేడాను ఇంకా తగ్గించి చూపిస్తోంది తప్ప పెంచడం లేదు. రెండో అనుమానం సగటు తీసే పద్ధతి. మామూలు సగటుకూ, రీడింగు నిలిచిన సమయాన్ని లెక్కలోకి తీసుకునే సగటుకూ తేడా ఉంటుంది. అయితే ఆ తేడా ఒకరోజు అటు, ఒకరోజు ఇటు ఊగాలి. ఇది ప్రతిరోజూ ఒకే వైపుంది. మూడోది మీటరు గుణకం, అంటే సీటీ రేషియో. అది తప్పయితే మిల్లు లోడుతో పాటే తేడా కూడా హెచ్చుతగ్గులవ్వాలి. అలా అవ్వలేదు. తేడా కిలోవాట్లలో చూస్తే దాదాపు ఒకే మొత్తం.

దాంతో ఎక్కడో ఏదో అదనంగా కలుస్తోందని తేలింది. మిల్లు ఆగిన గంటలను విడిగా తీసి చూశాం. ప్రొడక్షన్ సున్నా. రా మిల్లు పవర్ మాత్రం ఐదారు వందల కిలోవాట్ల దగ్గర నిలబడింది. మిల్లు పది నిమిషాలే నడిచిన గంటల్లో టన్నుకు యూనిట్లు బాగా పెరిగి కనిపించాయి.

సిమెంటు వాళ్లు ఈపాటికే పట్టేసి ఉంటారు. కిల్న్‌కు ముందుండే ప్రీహీటర్ నుంచి వచ్చే వేడి వాయువు రా మిల్లులోకి వెళ్లి రాయిని ఆరబెడుతుంది. అక్కణ్నుంచి రివర్స్ ఎయిర్ బ్యాగ్ హౌస్‌లో దుమ్ము వదిలి చిమ్నీకి పోతుంది. దీన్ని కాంపౌండ్ మోడ్ అంటారు. మిల్లు ఆగితే వాయువు మిల్లును తప్పించుకుని నేరుగా బ్యాగ్ హౌస్‌కు వెళ్తుంది. అది డైరెక్ట్ మోడ్. ఏ మోడ్ అయినా బ్యాగ్ హౌస్ ఫ్యాన్ తిరుగుతూనే ఉండాలి, కిల్న్ నడుస్తున్నంత సేపూ. మొదటి ప్లాంటు చెట్టులో ఆ ఫ్యాన్ రా మిల్లు కింద ఉంది. ఎందుకంటే అది రా మిల్లు బిల్డింగు పక్కన ఉంటుంది. రెండో ప్లాంటులో కిల్న్ కింద ఉంది. నెలవారీ షీటులో రెండు ప్లాంట్లకూ కిల్న్ ఖాతాలోనే రాస్తారు.

ఫ్యాన్‌ను పట్టుకెళ్లి కిల్న్ కింద పెడితే ఆ రోజుకు సమస్య తీరేది. మేం ఆగింది వేరే కారణానికి. రెండు చెట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇలాంటివి ఇంకా బయటపడ్డాయి. ఒక చోట ఎమ్‌సీసీ (మోటార్లకు కరెంటు పంచే ప్యానెల్) ఫీడరు పవరూ, ఆ ఫీడరు మీదే నడిచే కంప్రెసర్ల పవరూ రెండూ కూడుతున్నాయి. ఒకే పరికరానికి ఒక చోట ‘సెపరేటర్’, ఇంకో చోట ‘క్లాసిఫయర్’ అని మోడళ్లున్నాయి. ఒక ప్లాంటులో కోల్ మిల్లు కిల్న్‌కు పిల్ల, ఇంకో ప్లాంటులో కిల్న్‌కు తోబుట్టువు. ఏది దేని కింద ఉండాలో చెప్పే నియమం ఎక్కడా రాసి లేదు. కట్టినవాళ్ల బుర్రల్లో ఉందంతే.

మొదటి ప్రయత్నం: ఎక్సెల్ షీటు

ప్లాంటు వాళ్లకు ఎక్సెల్ వచ్చు. అందుకే మొదట అటే వెళ్లాం. వరసకో పరికరం, స్థాయికో కాలమ్, చివర ట్యాగ్ పేరు. ఒక స్క్రిప్టు ఆ షీటు చదివి, సైట్‌వైజ్‌లో లేనివి సృష్టించి, ఉన్నవి అప్‌డేట్ చేస్తుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు రెండు రోజుల్లోనే షీటు నింపి ఇచ్చారు. ఆ వేగం చూసి ఇదే దారనిపించింది.

షీటు ఎక్కడ విఫలమైందో కొంచెం వివరంగా చెప్పాలి. చాలా ప్రాజెక్టులు ఇక్కడే ఆగిపోతాయి, ఆగిపోయినట్టు ఎవరికీ తెలియదు కూడా.

షీటులో పరికరానికి గుర్తు దాని పేరే. టెస్ట్ అకౌంటులో నడుస్తుండగా ప్లాంటు వాళ్లు ఒక ప్రాపర్టీ పేరును ‘ఇన్‌లెట్ టెంపరేచర్’ నుంచి ‘ఫ్యాన్ ఇన్‌లెట్ టెంపరేచర్’గా మార్చారు. చూసే మనిషికి అది స్పష్టత కోసం చేసిన మార్పు. స్క్రిప్టుకు మాత్రం పాతదొకటి పోయింది, కొత్తదొకటి వచ్చింది. సైట్‌వైజ్‌లో మోడల్‌ను అప్‌డేట్ చేయడమంటే మారిన ముక్కను మాత్రమే పంపడం కాదు, మోడల్ మొత్తాన్నీ మళ్లీ రాసి పంపాలి. ఉన్న ప్రాపర్టీలను వాటి ఐడీలతో సహా పంపాలి. పంపనిది తీసేసినట్టే. ప్రాపర్టీని తీసేస్తే దాని పాత డేటా కూడా పోతుంది. హైరార్కీ నిర్వచనాన్ని తీసేస్తే దాని ద్వారా కలిసిన అసెట్లన్నీ విడిపోతాయి. డాక్యుమెంటేషన్‌లో ఇదంతా స్పష్టంగానే ఉంది. వారం నాటి ట్రెండు కనిపించడం లేదేమిటని ప్రాసెస్ ఇంజినీరు అడిగినప్పుడు ఆ వాక్యాల బరువు అందరికీ అర్థమైంది. టెస్ట్ అకౌంటు కాబట్టి నష్టం ఏమీ జరగలేదు.

పేరు బదులు ఐడీ కాలమ్ పెడితే సరిపోదా అని అడగొచ్చు. పెట్టి చూశాం. మనుషులు వరసను కాపీ చేసి కింద పేస్ట్ చేస్తారు, ఐడీ కూడా కాపీ అవుతుంది. దాన్ని పట్టుకునే చెక్ రాయొచ్చు. కానీ అలా చెక్ మీద చెక్ రాస్తూ పోతే కోడ్‌లో ఉండాల్సిన నియమాలు షీటు చుట్టూ కంచెలా పేరుకుంటాయి. కిల్న్ లేని యూనిట్‌లో కిల్న్ కాలమ్ ఖాళీగా వదలాలా, ‘వర్తించదు’ అని రాయాలా అన్న చర్చే ఒక పూట పట్టింది. వరసలు ఏమున్నాయో చెప్పగలవు. ఏం ఉండకూడదో చెప్పలేవు. మాకు కావాల్సింది రెండోదే.

రెండో ప్రయత్నం: ఒకే పొడవాటి గొలుసు

తర్వాత కోడ్‌లోకి వచ్చాం. భాష జావా. ఏడబ్ల్యూఎస్ జావా ఎస్‌డీకే (క్లౌడ్‌ను పిలవడానికి ఏడబ్ల్యూఎస్ ఇచ్చే కోడ్) రెండో వెర్షన్‌లో ప్రతి రిక్వెస్టుకూ బిల్డర్ ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి విలువలు చెప్పుకుంటూ పోయి చివర బిల్డ్ అంటే, మారని ఆబ్జెక్టు చేతికొస్తుంది. చదవడానికి బాగుంటుంది. దాన్నే పొడిగించి ప్లాంటు మొత్తాన్నీ పై నుంచి కిందికి ఒకే గొలుసుగా రాశారు మా టీమ్‌లో. గొలుసులోని ప్రతి మెట్టూ అక్కడికక్కడే క్లౌడ్‌ను పిలుస్తుంది.

ఇది రెండు కారణాల వల్ల నిలబడలేదు. మొదటిది వరస. మనిషి ప్లాంటును పై నుంచి కిందికి చెబుతాడు: సైటు, లైను, సెక్షను, పరికరం. సైట్‌వైజ్‌లో తల్లి మోడల్ హైరార్కీ రాయాలంటే పిల్ల మోడల్ ఐడీ ముందే ఉండాలి. అంటే సృష్టి కింది నుంచి పైకి జరగాలి. పైగా సృష్టించిన మోడల్ వెంటనే వాడకానికి రాదు. కాసేపు ‘క్రియేటింగ్’లో ఉండి ‘యాక్టివ్’ అవుతుంది. వాడుతున్న మోడల్‌ను మారిస్తే దాన్నుంచి తీసిన అసెట్లన్నిటికీ మార్పు పాకేదాకా ‘ప్రొపగేటింగ్’లో ఉంటుంది. గొలుసు మధ్యలో ఎక్కడైనా ఆగితే చెట్టు సగం కట్టి ఉంటుంది. మళ్లీ నడిపితే ఎక్కడ మొదలవ్వాలో తెలియదు.

రెండో కారణం అంతకంటే ముఖ్యం. ఎస్‌డీకే బిల్డర్‌కు సిమెంటు తెలియదు. ప్యాకింగ్ మెషీన్ కింద కిల్న్ పెట్టమన్నా కాదనదు. మన గొలుసు కూడా దాని మీద వేసిన పలచటి పొర మాత్రమే కాబట్టి అదీ కాదనదు. చేత్తో చేసే పనినే కోడ్‌తో వేగంగా చేయడమైంది. బ్యాగ్ హౌస్ ఫ్యాన్ మళ్లీ రా మిల్లు కిందికి చేరినా అడ్డుకునేది ఏదీ లేదు.

ఇక్కడ ఆగి కోడ్ పక్కన పెట్టాం. అసలు ప్రశ్న ఒకటి తేలకుండా ఏ కోడ్ రాసినా ఉపయోగం లేదు: ఒక పరికరానికి తల్లి ఎవరు?

చెట్టు దేనికి

ఈ ప్రశ్నకు ప్లాంటులో ముగ్గురు మూడు జవాబులిచ్చారు. మెకానికల్ వాళ్లకు చోటు ముఖ్యం. ఫ్యాన్ ఎక్కడుందో అక్కడే ఉండాలి. ఎలక్ట్రికల్ వాళ్లకు ఫీడరు ముఖ్యం, ఏ ఎమ్‌సీసీ నుంచి కరెంటు వస్తుందో దాని కింద ఉండాలి. ప్రొడక్షన్ వాళ్లకు ప్రాసెస్ ముఖ్యం. ఐఎస్ఏ 95 ప్రమాణం ఎంటర్‌ప్రైజ్, సైట్, ఏరియా అంటూ స్థాయిలు చెబుతుంది. పై మూడు స్థాయిలకు దాన్నే తీసుకున్నాం, అక్కడ వాదన లేదు. వాదనంతా కింద, పరికరాల దగ్గర. అక్కడ ప్రమాణం చేయి పట్టుకుని నడిపించదు.

ముగ్గురివీ సరైన జవాబులే. అందుకని మూడు చెట్లూ కట్టేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. వద్దన్నాను. మూడు చెట్లుంటే మూడు చోట్ల కూడిక జరుగుతుంది, మూడు మొత్తాలు వస్తాయి. మనం వచ్చిందే రెండు అంకెల తగాదా తీర్చడానికి.

అప్పుడు ఎదురు ప్రశ్న వేసుకున్నాం. ఈ సాఫ్ట్‌వేర్‌లో తల్లీపిల్లల బంధం నిజంగా చేసే పనేమిటి? వెతకడానికి అది తప్పనిసరి కాదు. వెతకడానికి అట్రిబ్యూట్ చాలు. ‘స్థలం’, ‘ఫీడరు నంబరు’ అని రెండు అట్రిబ్యూట్లు పెడితే మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్లు తమకు కావాల్సిన జాబితా తీసుకోగలరు. బంధం లేకుండా జరగని పని ఒక్కటే, పిల్లల విలువలు తల్లిలో కూడటం. కాబట్టి ఈ చెట్టు లెక్క పైకి నడిచే దారి. ఆ పరికరం ఖర్చుకు ఎవరు జవాబు చెబుతారో వాళ్లే దాని తల్లి. బ్యాగ్ హౌస్ ఫ్యాన్ ఎక్కడున్నా సరే, నెలాఖరున ఎవరి ఖాతాలో రాస్తారో అక్కడే వేలాడాలి.

ఈ నిర్ణయం ఎనర్జీ మేనేజర్‌కు వెంటనే నచ్చింది. మెకానికల్ హెడ్‌కు నచ్చలేదు. ‘మా ఫ్యాన్ పోయి కిల్న్ కింద కూర్చుందేంటండీ’ అన్నారు. స్థలం అట్రిబ్యూట్‌తో వడపోసిన స్క్రీన్ ఒకటి ఆయన కోసం చేసి చూపించాక ఒప్పుకున్నారు. పూర్తిగా మనసారా అయితే కాదు.

పనిచేసిన బిల్డర్

మూడోసారి రాసిన కోడ్‌లో బిల్డర్ క్లౌడ్‌ను ముట్టుకోదు. ప్లాంటు ఎలా ఉండాలో వర్ణించే మారని ఆబ్జెక్టును తయారుచేసి ఇస్తుంది, అంతే. దాన్ని అమలుచేసే పని వేరే భాగానిది. ఇలా విడదీయడం వల్ల మనిషి పై నుంచి కిందికి చెప్పొచ్చు. అమలు చేసేది మాత్రం ఏ మోడల్ ఏ మోడల్ మీద ఆధారపడిందో చూసుకుని కింది నుంచి పైకి సృష్టిస్తుంది, ఒక్కో మోడల్ యాక్టివ్ అయ్యేదాకా ఆగుతుంది. అలా ఆగడానికి ఎస్‌డీకేలోనే వెయిటర్లున్నాయి.

బిల్డర్లు రెండు రకాలు చేశాం. ఒకటి మోడళ్లకు: ఫ్యాన్ అంటే ఏమిటి, మిల్ డ్రైవ్ అంటే ఏమిటి. ఇంకోటి సైట్లకు: ఈ ప్లాంటులో ఏ ఫ్యాన్లున్నాయి, ఎవరి ఖాతాలో. రెండూ మారే వేగం వేరు. ఫ్యాన్ మోడల్ నెలల తరబడి మారదు. సైటు వారం వారం మారుతుంది. ఒకే చోట ఉంటే సైటు మార్చే మనిషి చేతికి మోడల్ కూడా అందుతుంది. ఫ్యాన్ మోడల్ తాకితే మూడు ప్లాంట్లలోని ప్రతి ఫ్యానుకూ మార్పు పాకుతుంది.

సైటు బిల్డర్ అసలు కోడ్‌లో ఇంగ్లిషు పేర్లతో ఉంటుంది. దాని రూపం తెలియడానికి తెలుగులో రాస్తే:

క్లింకర్‌లైన్("లైన్-1")
　.రామిల్లు("రా మిల్లు-1").సొంతం(మిల్‌డ్రైవ్, మిల్‌ఫ్యాన్, సెపరేటర్)
　.కిల్న్("కిల్న్-1").సొంతం(కిల్న్‌డ్రైవ్, ప్రీహీటర్‌ఫ్యాన్).ఉమ్మడి(బ్యాగ్‌హౌస్‌ఫ్యాన్)
　.కట్టు()

ఇందులో గమనించాల్సింది లేనివాటిని. ‘కిల్న్’ అన్న మెథడ్ క్లింకర్ లైన్ బిల్డర్‌లో మాత్రమే ఉంది. గ్రైండింగ్ యూనిట్ బిల్డర్ వేరే టైపు. అందులో కిల్న్ అని రాయబోతే ఎడిటరే ఎర్రగీత గీస్తుంది, కంపైల్ కూడా అవదు. షీటులో ఒక పూట చర్చించిన విషయం ఇక్కడ చర్చకే రాలేదు.

‘సొంతం’, ‘ఉమ్మడి’ కిల్న్ మోడల్‌లో వేర్వేరు హైరార్కీలుగా మారతాయి. ఉమ్మడిని సొంతంలోనే కలిపేయొచ్చు కదా అంటే కలపొచ్చు, మొత్తం మారదు. విడిగా పెట్టడానికి కారణం, ఆ ఖాతా ఒక ఒప్పందమని చెట్టు చూసినవాళ్లకు తెలియాలి. రేపు ప్లాంటు వాళ్లు మిల్లు నడిచిన గంటల్లో సగం రా మిల్లుకు వేద్దామంటే ఏ అసెట్లను చూడాలో వెతుక్కోనక్కర్లేదు.

టైపులతో పట్టుకోలేనివి చివరి ‘కట్టు’ దగ్గర పట్టుకుంటాం. అక్కడి నియమాలు తక్కువే. పవర్ రీడింగు ఉన్న ప్రతి పరికరమూ సరిగ్గా ఒక ఖాతాలోనే ఉండాలి. పై నుంచి కిందికి ఏ దారిలోనైనా మీటరు ఒక్క స్థాయిలోనే లెక్కలోకి రావాలి. అంటే ఎమ్‌సీసీ ఫీడరును కూడితే దాని కింది చిన్న మోటార్లను మళ్లీ కూడకూడదు. ఒక ట్యాగ్ రెండు ప్రాపర్టీలకు అతుక్కోకూడదు. టన్నుకు యూనిట్లు లెక్కకట్టే సెక్షన్‌కు టన్నుల రీడింగు ఉండి తీరాలి, అది తడో పొడో చెప్పి ఉండాలి. ఈ చివరిది ఎనర్జీ మేనేజర్ పట్టుబట్టి పెట్టించారు.

మొదటిసారి ‘కట్టు’ నడిపినప్పుడు కంప్రెసర్ల రెట్టింపు లెక్క రెండో నియమం దగ్గర బయటపడింది. అది మాకు ముందే తెలుసు కాబట్టి ఆశ్చర్యం లేదు. తెలియనిది మూడో నియమం దగ్గర పడింది: రెండు కూలర్ ఫ్యాన్లు ఒకే పవర్ ట్యాగ్‌ను చదువుతున్నాయి. ఒక ఫ్యాన్ ఆగినా ట్రెండులో తిరుగుతున్నట్టే కనిపించేది. ఆపరేటర్లు దాన్ని ఎప్పుడో గమనించి, ఆ స్క్రీన్ చూడటం మానేశారట.

బిల్డర్ వల్ల వచ్చిన ఇంకో మేలు సూత్రాల దగ్గర. సైట్‌వైజ్‌లో ఒక హైరార్కీ ఒక పిల్ల మోడల్‌నే సూచిస్తుంది. ఫ్యాన్లకో హైరార్కీ, డ్రైవ్‌లకో హైరార్కీ కావాలి. సెక్షన్ మొత్తం పవర్ మెట్రిక్‌లో ఈ హైరార్కీలన్నీ ఒక్కొక్కటిగా కనిపించాలి. చేత్తో చేసేటప్పుడు కొత్త హైరార్కీ చేర్చి సూత్రంలో చేర్చడం మరిచిపోవడం చాలా తేలిక. ఎక్కడా ఎర్రర్ రాదు, మొత్తం కొంచెం తగ్గుతుందంతే. మోడల్ బిల్డర్ తనకు చెప్పిన హైరార్కీల నుంచి సూత్రాన్ని తానే రాస్తుంది. మనిషి రాయడానికి అక్కడ చోటే లేదు.

గుర్తింపు సంగతి

పాత చరిత్ర పోకుండా రెండు ప్లాంట్లనూ కొత్త పద్ధతిలోకి తేవాలి. దీనికి ప్రతి అసెట్‌కూ మారని గుర్తు కావాలి. సైట్‌వైజ్‌లో ఎక్స్‌టర్నల్ ఐడీ అన్న సదుపాయం ఉంది, మనమే ఒక గుర్తు ఇచ్చి తర్వాత దానితోనే పిలవొచ్చు. ఒకసారి ఇచ్చాక మార్చలేం. ఆ కట్టుబాటు మాకు పనికొచ్చింది. అయితే ఇవ్వబోయే ముందు బాగా ఆలోచించుకోవాల్సి వచ్చింది.

డీసీఎస్ ట్యాగ్ పేరే గుర్తుగా పెడదామన్నారు ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్లు. ఒక ప్లాంటులో డీసీఎస్ మార్చే ఆలోచన ఉంది. మార్చిన రోజు ట్యాగ్‌లన్నీ మారతాయి. మెయింటెనెన్స్ వాళ్లు ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లోని ఫంక్షనల్ లొకేషన్ నంబరు వాడమన్నారు. చాలా ప్రాజెక్టుల్లో అదే సరైన జవాబు. ఇక్కడ కాదు. ఆ నంబర్లలో సెక్షన్ కోడ్ కలిసి ఉంది. ఫ్యాన్ ఖాతా మారితే నంబరు అబద్ధం చెబుతుంది. చెట్టులో చోటును మోసే ఏ నంబరూ గుర్తుగా పనికిరాదని అప్పుడు స్పష్టమైంది. చివరికి ఏ అర్థమూ లేని చిన్న వరస సంఖ్యను మేమే ఇచ్చాం. ట్యాగ్, ఎస్‌ఏపీ నంబరు, ఫీడరు, స్థలం అన్నీ అట్రిబ్యూట్లయ్యాయి. చూడటానికి మొండిగా ఉందని కొందరు అన్నారు, నిజమే.

ఉన్న అసెట్లను తొలగించి మళ్లీ కట్టలేదు. ఒక్కొక్కదాన్నీ కోడ్‌లోని వర్ణనతో జతచేసి, దానికి ఎక్స్‌టర్నల్ ఐడీ ఇచ్చి దత్తత తీసుకున్నాం. పాత ప్రాపర్టీల ఐడీలను కోడ్ పక్కనే ఒక ఫైల్లో దాచాం, అప్‌డేట్ పంపినప్పుడల్లా అవి కూడా వెళ్తాయి. ఈ జతచేసే పని మనిషి కూర్చుని చేయాల్సిందే. ఆటోమేట్ చేయాలని చూడలేదు. తప్పు జత అంటే ఒక ఫ్యాన్ చరిత్ర ఇంకో ఫ్యాన్‌కు అంటుకోవడమే.

మోటారు మారిస్తే ఏం చేయాలన్న ప్రశ్న కూడా ఇక్కడే వచ్చింది. స్టోర్స్‌లోని స్పేర్ మోటారు బిగించాక అది పాత అసెట్టా, కొత్తదా? అసెట్ అంటే ఆ స్థానమని నిర్ణయించాం. మోటారు సీరియల్ నంబరు ఒక అట్రిబ్యూట్, మారిన తేదీతో సహా. వైబ్రేషన్ చరిత్ర మోటారు వెంట వెళ్లాలనుకునే మెయింటెనెన్స్ బృందాలకు ఈ నిర్ణయం సరిపోదు. ఇక్కడ అడిగింది కరెంటు లెక్క కాబట్టి సరిపోయింది.

అమలు

అమలుచేసే భాగం ముందు క్లౌడులో ఏముందో చదువుతుంది, కోడ్‌లో ఏముందో చూస్తుంది, తేడాను మనిషి చదవగలిగే జాబితాగా రాస్తుంది. చేర్పులు, పేరు మార్పులు, తల్లి మార్పులు సాఫీగా వెళ్తాయి. తొలగింపు ఉంటే అక్కడే ఆగుతుంది. ఏ ప్రాపర్టీ పోతుందో, దాని డేటా కూడా పోతుందని రాసి, ప్లాంటు వైపు నుంచి ఒకరి ఆమోదం ఫైలు రూపంలో చేరేదాకా కదలదు. ప్రాపర్టీ డేటా టైపు మార్చడం సైట్‌వైజ్‌లో కుదరదు. అలాంటి చోట కొత్త ప్రాపర్టీ చేర్చి, పాతదానికి పేరు చివర ‘పాత’ అని తగిలించి వదిలేస్తాం.

మోడల్ మార్పులను వెంటవెంటనే పంపకుండా పోగుచేసి ఒకేసారి పంపడం అలవాటు చేసుకున్నాం. మార్పు పాకుతున్నంత సేపు ఆ మోడల్ అసెట్ల మీద వేరే పని చేయలేం. చిన్న చిన్నవి పది పంపితే పదిసార్లు ఆగాలి.

బ్యాగ్ హౌస్ ఫ్యాన్‌ను రా మిల్లు నుంచి విడదీసి కిల్న్‌కు కలిపిన రోజు నుంచి అంకెలు మారాయి. వెనకటి నెలల మెట్రిక్‌లు వాటంతటవే సరిదిద్దుకుంటాయని మేం అనుకోలేదు, వాటిని కదిలించలేదు కూడా. ఫలానా తేదీకి ముందు అంకెలు పాత పద్ధతివని డాష్‌బోర్డు మీదే రాశాం. ఎనర్జీ మేనేజర్ ఇదే మంచిదన్నారు. రిపోర్టు చేసిన అంకె తర్వాత మారితే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే.

ఆ తర్వాతి నెలాఖరున రా మిల్లు అంకె ఆయన షీటుకు దగ్గరగా వచ్చింది. మిగిలిన కొద్ది తేడా తడి, పొడి టన్నులది. అది కూడా ఊహించిన వైపే, డాష్‌బోర్డు అంకె కాస్త తక్కువ. మిల్లు ఆగిన గంటల్లో రా మిల్లు పవర్ దాదాపు సున్నాకు పడింది. అన్ని సెక్షన్ల మొత్తాన్నీ, ప్లాంటులోకి వచ్చే కరెంటును కొలిచే మెయిన్ ఇన్‌కమర్ రీడింగుతో రోజూ పోల్చే చెక్ ఒకటి పెట్టాం. ట్రాన్స్‌ఫార్మర్ నష్టాలు, లైటింగు, కాలనీ లాంటివి ‘ఇతరాలు’ కింద పోతాయి. ఆ ‘ఇతరాలు’ ఒక్కసారిగా పెరిగినా, మైనస్‌లోకి పోయినా చెట్టులో ఏదో జరిగినట్టు. ఇది కోడ్‌లోని నియమాలు పట్టుకోలేని తప్పులను పట్టుకుంటుంది. ఉదాహరణకు కొత్తగా పెట్టిన పరికరాన్ని ఎవరూ చెట్టులో చేర్చకపోతే బిల్డర్‌కు తెలిసే వీలు లేదు.

ఇంకొకరు ఇలాంటి పని మొదలుపెడుతుంటే

బిల్డర్ కోడ్ అనగానే వేగం గురించి అడుగుతారు. మూడో సైటు, గ్రైండింగ్ యూనిట్, నిజంగానే త్వరగా అయింది. కానీ వేగానికి షీటు చాలు. బిల్డర్ విలువ తప్పు చెట్టును అది ఒప్పుకోని చోట ఉంది. నియమాలు ఏమిటో తేలకముందు బిల్డర్ రాయొద్దు. మేం రెండోసారి రాసిన గొలుసులో కోడ్ నాణ్యతకు లోటేమీ లేదు. దానికి కాదనడానికి కారణాలు లేవు, అంతే.

చిన్న సంస్థ, ఒకే ప్లాంటు, పాతిక ముప్పై పరికరాలు అయితే ఇదంతా వద్దు. కన్సోల్‌లో చేత్తో కట్టుకుని, ఎవరి ఖాతాలో ఏముందో ఒక కాగితం మీద రాసుకుంటే సరిపోతుంది. కోడ్ మెయింటెయిన్ చేసే మనిషి లేని చోట బిల్డర్ పెట్టి వెళ్లిపోవడం ఆ సంస్థకు అన్యాయం. ఈ కేసులో ప్లాంటు వైపు ఒక ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు సైటు బిల్డర్ వరకు తానే మార్చుకోగలిగే దాకా పక్కన కూర్చున్నాం. మోడల్ బిల్డర్ ఇంకా మా దగ్గరే ఉంది. ఆయన అడిగిన ఒక మార్పు బిల్డర్‌ను బాగా మెరుగుపరిచింది. ఎర్రర్ మెసేజీలో మా అర్థంలేని ఐడీతో పాటు డీసీఎస్ ట్యాగ్ కూడా చూపించమన్నారు. ‘ఐడీ చూసి నాకేం తెలుస్తుందండీ, ట్యాగ్ చెబితే కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేస్తా’ అన్నారు. మొదట్నుంచీ అలాగే ఉండాల్సింది.

వేస్ట్ హీట్ రికవరీ పవర్ ప్లాంటు ఒక్కటి ఇంకా తేలలేదు. అది కిల్న్, కూలర్ వేడితో కరెంటు తయారుచేస్తుంది, దాని పంపులు, ఫ్యాన్లు కొంత తింటాయి. ఆ తిన్నది కిల్న్ ఖాతాలో పడాలా, పవర్ ప్లాంటును విడి సెక్షన్‌గా చూడాలా అన్నది ప్రొడక్షన్‌కూ యుటిలిటీస్‌కూ మధ్య ఉంది. ఖాతా చెప్పని పరికరాన్ని ‘కట్టు’ ఒప్పుకోదు కాబట్టి, దాని లోడ్లన్నీ ప్రస్తుతం ‘నిర్ణయం పెండింగ్’ అన్న సెక్షన్ కింద ఉన్నాయి. ఆ సెక్షన్ మొత్తం రోజూ డాష్‌బోర్డు మీద విడిగా కనిపిస్తుంది, రెండు శాఖల వాళ్లకూ.